లాప్‌టాప్‌లో పాట వస్తోంది, పాడే గొంతు రావట్లేదు. బోర్డు పోయిందా, విండోస్ తేడానా?

బారువ కెరటం · సోంపేట

అందరికీ నమస్కారం. నా లాప్‌టాప్‌కి నాలుగేళ్లు దాటాయి, విండోస్ 11 ఉంది. కొన్నాళ్లుగా సౌండ్ సరిగా రావడం లేదు. మా ఊరి అమ్మవారి పండగలో తప్పెటగుళ్ల బృందం ఆడినదంతా ఫోన్‌లో రికార్డు చేశాను. దాన్ని కాస్త కత్తిరించి, సరిచేసి, వాళ్లకి పెన్‌డ్రైవ్‌లో ఇస్తానని మాటిచ్చాను. వాళ్లేమో రోజూ ఫోన్ చేస్తున్నారు, నాకు టెన్షన్.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ రికార్డింగులు దాదాపు వినపడవు. వాల్యూమ్ నిండా పెట్టినా ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంటుంది. సినిమా పాటలు పెడితే వాయిద్యాలు బాగానే ఉన్నాయి, గొంతు మాత్రం లేదు. ఇది కాక మధ్యమధ్యలో టక్ టక్ మంటోంది. బల్ల మీది స్పీకర్లకి కలిపితే గుంయ్‌మని ఒకటే మోత.

టౌన్‌లో ఒక సర్వీసు షాపులో చూపిస్తే సౌండ్ ఐసీ పోయింది, మదర్‌బోర్డు మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన రేటుకి ఇంకొంచెం వేసుకుంటే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ వచ్చేస్తుంది. ఇంకో చోట డ్రైవర్ తేడా, ఫార్మాట్ చేస్తే పోద్దన్నారు. ఎవరి మాట వినాలి?

ఏడురోడ్ల కుర్రోడు · శ్రీకాకుళం

ఫార్మాట్ కొట్టెయ్ బ్రో. నా సిస్టమ్‌కీ ఇలాగే సౌండ్ పోతే ఫార్మాట్‌తో సెట్ అయిపోయింది. బోర్డు గీర్డు ఏం పోదు.

చంపావతి · గజపతినగరం

ఫార్మాట్ ఎప్పుడైనా చేసుకోవచ్చు, తొందరేం లేదు. చేశాక తగ్గితే అసలు లోపం ఏదో తెలియదు. తగ్గకపోతే ఒక రోజంతా పోతుంది, ఫైళ్లు తీసిపెట్టుకోకపోతే అవీ పోతాయి. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను కాబట్టి ఈ గొడవ నాకు నిత్యం ఉండేదే.

కెరటం గారూ, ముందు శబ్దం ఏ దారిన వస్తోందో ఒకసారి అనుకోండి. ప్లేయర్, విండోస్ ఆడియో ఇంజిన్, డ్రైవర్ (విండోస్ చేత చిప్‌ని నడిపించే ప్రోగ్రాం), బోర్డు మీది సౌండ్ చిప్, అక్కడి నుంచి జాక్, వైరు, చెవి. చిప్ దాకా అన్నీ అంకెలే. చిప్‌లో ఆ అంకెలు కరెంటుగా మారతాయి, ఆ తర్వాత ఉన్నదంతా రాగి, టంకం, స్ప్రింగు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు గానీ యూఎస్‌బీ సౌండ్ కార్డు గానీ పెట్టారంటే బోర్డు మీది చిప్పూ జాకూ రెండూ దారిలోంచి తప్పుకుంటాయి. అప్పుడు కూడా లోపం ఉంటే అది చిప్‌కి ఇవతల, అంటే సాఫ్ట్‌వేర్ వైపు. లేకపోతే అవతల.

కాబట్టి ఇవి చూసి చెప్పండి. ఇదే హెడ్‌ఫోన్ ఫోన్‌కి పెడితే ఎలా ఉంది? వేరే హెడ్‌ఫోన్ ఈ లాప్‌టాప్‌కి పెడితే? లాప్‌టాప్ సొంత స్పీకర్లలో ఎలా వస్తోంది? బ్లూటూత్‌లో? స్పీకర్ల మోత చార్జర్ పీకేస్తే తగ్గుతోందా?

ఇంకో మాట. మీరు గొంతు, టక్ టక్, మోత మూడూ ఒకే జబ్బు అనుకుని చెప్తున్నారు. అలా అనుకోవాల్సిన అవసరం లేదు. దేనికి దాన్ని విడిగా రాయండి.

బారువ కెరటం · సోంపేట

అన్నీ చూశానండి.

హెడ్‌ఫోన్ ఫోన్‌కి పెడితే బ్రహ్మాండంగా ఉంది. మా తమ్ముడి హెడ్‌ఫోన్ లాప్‌టాప్‌కి పెట్టినా గొంతు లేదు. లాప్‌టాప్ సొంత స్పీకర్లలో మాత్రం గొంతు వస్తోంది! టక్ టక్ కూడా వస్తోంది. బ్లూటూత్‌లో కూడా అంతే, గొంతు ఉంది, టక్ టక్ ఉంది. మోత స్పీకర్లకి కలిపినప్పుడే, చార్జర్ తీస్తే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఏడురోడ్ల కుర్రోడు · శ్రీకాకుళం

లోపలి స్పీకర్లలో గొంతు వస్తోందంటే ఐసీ బాగున్నట్టే కదా. మరి హెడ్‌ఫోన్‌కి మాత్రం రాకపోవడం ఏటి? డ్రైవరే. రియల్‌టెక్ సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్లీ వెయ్యి.

ఆదితాళం · విజయనగరం

నేను కంప్యూటర్ మనిషిని కాను, సంగీత కళాశాలలో చదువుతున్నాను. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల గారు చదువుకున్నదీ ఇక్కడే. చెవి సంగతి కాబట్టి నాకు తెలిసినది చెప్తాను.

పాటలో గొంతుని మామూలుగా మధ్యలో పెడతారు. అంటే ఎడమ చానెల్‌లో ఎంత ఉంటుందో కుడిలోనూ సరిగ్గా అంతే. వాయిద్యాల్లో కొన్ని ఎడమకి, కొన్ని కుడికి జరిపి ఉంటాయి. ఎడమలోంచి కుడిని తీసేస్తే రెంటిలోనూ సమానంగా ఉన్నదంతా సున్నా అయిపోతుంది, తేడాగా ఉన్నది మాత్రం మిగులుతుంది. కరోకే ట్రాక్ చేయడానికి గొంతు తీసేసే పాత చిట్కా ఇదే. గొంతుకి ఎకో కలిపి ఉంటే ఆ ఎకో మాత్రం మిగులుతుంది, అందుకే దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

కెరటం గారు చెప్పింది సరిగ్గా ఇదే. పైగా ఆయన ఫోన్ రికార్డింగులు మోనో అయి ఉండాలి, లేదా మోనోకి దగ్గరగా ఉండాలి. మోనో అంటే రెండు వైపులా ఒకటే, కాబట్టి తీసివేస్తే ఏమీ మిగలదు. అందుకే తప్పెట మోత కూడా మాయమైంది. మీ ఫైళ్లకి ఏమీ కాలేదండీ, కంగారు పడి డిలీట్ చేయకండి. ఆ తీసివేత ఎక్కడ జరుగుతోందో మాత్రం వీళ్లు చెప్పాలి.

చంపావతి · గజపతినగరం

ఆదితాళం గారూ, ఈ ఒక్క మాటతో సగం పని అయిపోయింది.

ఆ తీసివేత రెండు చోట్ల జరగడానికి అవకాశం ఉంది. ఒకటి సాఫ్ట్‌వేర్: రియల్‌టెక్ డ్రైవర్‌తో వచ్చే ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్‌లో పాత రోజుల నుంచీ వాయిస్ క్యాన్సిలేషన్ అని ఒక గడి ఉండేది. ఇంట్లో ఎవరైనా అక్కడ టిక్ పెట్టేస్తే ఇలాగే ఉంటుంది. హెడ్‌ఫోన్‌కి ఒక సెట్టింగ్, స్పీకర్‌కి ఒకటి ఉండొచ్చు కాబట్టి కుర్రోడి అనుమానం కూడా కొట్టిపారేసేది కాదు. రెండోది జాక్: అందులో ఎర్త్ కాంటాక్ట్ (రెండు స్పీకర్ల కరెంటూ తిరిగి వెళ్లే ఉమ్మడి దారి) అందకపోతే ఎడమ స్పీకరూ కుడి స్పీకరూ ఒకే వరసలోకి వచ్చేసి, రెంటి తేడా మాత్రమే వినిపిస్తుంది.

తేల్చడానికి నేనైతే ఉబుంటు (విండోస్ బదులు నడిచే లినక్స్) పెన్‌డ్రైవ్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్న ఆప్షన్‌తో బూట్ చేసి అదే పాట పెడతాను. అక్కడ గొంతు వస్తే జాక్ శుభ్రంగా ఉన్నట్టు, లోపం విండోస్‌లో ఉన్నట్టు. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. లినక్స్‌లో సౌండ్ బాగా వస్తే హార్డ్‌వేర్ బాగున్నట్టే, సందేహం లేదు. అసలు సౌండే రాకపోతే మాత్రం హార్డ్‌వేర్ పోయిందని అనేయకూడదు, కొన్ని కొత్త లాప్‌టాప్‌ల చిప్‌లకి లినక్స్‌లో ఫర్మ్‌వేర్ సరిగా దొరకదు.

డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. బూట్ సెట్టింగులు కదిపితే అది కీ అడగొచ్చు, అప్పుడు వెతుక్కుంటే దొరకదు.

రేడియో బాబాయి · ఆమదాలవలస

పెన్‌డ్రైవులూ అవీ ఎందుకమ్మా, దీనికి చెవులు చాలు.

బాబూ కెరటం, విండోస్ సౌండ్ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్ మీద నొక్కితే ఎడమ చానెల్, కుడి చానెల్ అని రెండు గీతలు విడివిడిగా ఉంటాయి. కుడిది సున్నాకి దించెయ్. ఎడమది అలాగే ఉంచు. ఇప్పుడు గొంతు లేని ఆ పాటే పెట్టి విను.

ఎర్త్ బాగుంటే శబ్దం ఎడమ చెవిలోనే రావాలి, కుడి చెవిలో చీమ చిటుక్కుమనకూడదు. సాఫ్ట్‌వేర్ గొంతుని మింగేస్తుంటే ఎడమ చెవిలో మాత్రమే వస్తుంది, గొంతు లేకుండా వస్తుంది. ఎర్త్ తెగిపోయి ఉంటే మాత్రం తమాషా చూడు: ఎడమ చానెల్ కరెంటు ఎడమ స్పీకర్‌లోంచి వెళ్లి, ఎర్త్ దారి లేక, కుడి స్పీకర్‌లోంచి తిరిగి పోతుంది. కాబట్టి ఒక్క చానెలే ఇచ్చినా రెండు చెవుల్లోనూ వినిపిస్తుంది. పైగా తీసివేయడానికి కుడి చానెల్ లేదు గనక మాయమైన గొంతు తిరిగొస్తుంది.

ఇంకోటి. నీ హెడ్‌ఫోన్‌కి మైకు ఉందా? మైకున్న పిన్నుకి నాలుగు గడులు ఉంటాయి, మైకు లేనిదానికి మూడు. ఆ నాలుగులో మైకు, ఎర్త్ ఎటుండాలనే దాంట్లో రెండు పద్ధతులున్నాయి, సీటీఐఏ అనీ ఓఎంటీపీ అనీ. పాత రకం హెడ్‌సెట్ కొత్త లాప్‌టాప్‌లో పెడితే కూడా గొంతు ఇలాగే మాయమవుతుంది. అప్పుడు కాల్ ఎత్తే బటన్ నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగొస్తుంది, ఎందుకంటే ఆ బటన్ మైకునీ ఎర్త్‌నీ కలిపేస్తుంది. అదీ చూడు.

బారువ కెరటం · సోంపేట

బాబాయ్! కుడిది సున్నా చేశాను. రెండు చెవుల్లోనూ వస్తోంది, గొంతుతో సహా! తప్పెటగుళ్లు కూడా గజ్జెలతో సహా వినపడుతున్నాయి. కాల్ బటన్ నొక్కితే ఏమీ మారలేదు. ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆఫ్‌లోనే ఉన్నాయి.

చంపావతి · గజపతినగరం

తేలిపోయింది. జాక్‌లో ఎర్త్. ఉబుంటు అక్కర్లేదు. బాబాయి గారూ, ఈ టెస్టు రేపటి నుంచి మా ల్యాబ్‌లో కూడా.

రేడియో బాబాయి · ఆమదాలవలస

ఐసీ పోలేదు, బోర్డు పోలేదు. ఐసీ పోతే లోపలి స్పీకర్లు అంత శుభ్రంగా పాడవు.

సోంపేట, బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి వచ్చే సెట్లకి ఇది నాకు అలవాటైన జబ్బే. ఉప్పుగాలికి జాక్ లోపలి రేకు మీద పచ్చగా పడుతుంది. టేప్‌రికార్డర్ల కాలం నుంచీ చూస్తున్నాను. 2018లో తిత్లీ తుపాను తర్వాతైతే ఉద్దానం నుంచి వచ్చిన ప్రతి సెట్టూ ముందు విప్పి ఆరబెట్టడమే పనిగా ఉండేది. నాలుగేళ్ల లాప్‌టాప్‌కి ఇంకా రేకు స్ప్రింగు కూడా సడలి ఉంటుంది, ముఖ్యంగా వైరు పట్టుకుని లాగే అలవాటుంటే.

పిన్ను పెట్టి మెల్లగా చుట్టూ తిప్పుతూ విను. ఒక చోట గొంతు వచ్చి, ఇంకో చోట పోతే కాంటాక్టే. లాప్‌టాప్ ఆఫ్ చేసి, చార్జర్ తీసి, మంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క పిన్ను కొనకి రాసి, జాక్‌లో పెట్టి తీస్తూ తిప్పు. పిన్నుకి నల్లగానో పచ్చగానో అంటుకుంటే తుడిచి మళ్లీ చెయ్యి. బాగా ఆరాకే ఆన్ చెయ్యి. చేతులకి రాసుకునే శానిటైజర్ వాడకు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. తలుపుల కిర్రుకి కొట్టే నూనె స్ప్రే కూడా వద్దు, దుమ్ము పట్టేస్తుంది. గుండుసూది పెట్టి గీకడం అసలు వద్దు.

స్పీకర్ల మోత సంగతి: ఎర్త్ సరిగా అందకపోతే అదే పెద్ద మోత. జాక్ శుభ్రమయ్యాక ఎంత మిగులుతుందో చెప్పు. ఈలోగా స్పీకర్లు బాగున్నాయో లేదో కూడా చూసుకోవచ్చు. వాల్యూమ్ బాగా తగ్గించి, లాప్‌టాప్ నుంచి పీకిన పిన్ను కొనని వేలితో ముట్టుకో. బుర్‌మంటే లోపల ఆంప్లిఫయర్ బతికే ఉంది. పిన్ను కొన మాత్రమే సుమా, డబ్బా విప్పి వేలు పెట్టకు.

మా కాలంలో రేడియో రిపేరంటే స్పీకర్ దగ్గర మొదలెట్టి వెనక్కి వెళ్లేవాళ్లం. ఇప్పటి కుర్రాళ్లు ముందు డ్రైవర్ మార్చి ఆ తర్వాత పిన్ను చూస్తున్నారు.

పొందూరు నూలు · పొందూరు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తాను. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాటలు బాగుంటాయి, మీటింగ్ మొదలవగానే అందరి గొంతులూ పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోతాయి. హెడ్‌సెట్ పోయినట్టా?

చంపావతి · గజపతినగరం

పోలేదండీ. పాటలప్పుడు ఒక పద్ధతిలో, ఏ2డీపీలో, ఒకవైపే నాణ్యమైన స్టీరియో వస్తుంది. హెడ్‌సెట్ మైకు వాడటం మొదలవగానే అది హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారుతుంది, అది ఫోన్ కాల్ కోసం చేసిన మోనో. మీటింగ్ యాప్‌లో మైకుగా లాప్‌టాప్ మైకుని ఎంచుకోండి, వినడానికి హెడ్‌సెట్ ఉంచండి. నాణ్యత వెంటనే తిరిగొస్తుంది. ఒకవేళ పాటలప్పుడు కూడా తెగుతూ వస్తుంటే పక్కన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఏమైనా పెట్టారేమో చూడండి, దాని రొద బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది.

పొందూరు నూలు · పొందూరు

మైకు మార్చాను, బాగైంది. థాంక్స్ అండి.

బారువ కెరటం · సోంపేట

బాబాయి చెప్పినట్టే చేశాను. పిన్నుకి పచ్చగా అంటింది. రెండో విడత తుడిచాక గొంతు వచ్చింది! కానీ పిన్ను కొంచెం కదిలితే మళ్లీ పోతోంది. స్పీకర్ల మోత చాలా తగ్గింది, చార్జర్ ఉంటే సన్నగా మిగిలింది, తీస్తే అసలు లేదు.

టక్ టక్ మాత్రం తగ్గలేదు. ఇప్పుడు అదే చిరాకుగా ఉంది.

చంపావతి · గజపతినగరం

తగ్గదు, అది వేరే జబ్బు. జాక్‌తో సంబంధం లేని స్పీకర్లలో, చిప్‌తో సంబంధం లేని బ్లూటూత్‌లో కూడా వస్తోందని మీరే చెప్పారు. కాబట్టి ఇది సాఫ్ట్‌వేర్ వైపు.

విండోస్ ఆడియో ఇంజిన్ మామూలుగా 10 మిల్లీసెకన్ల ముక్కలుగా శబ్దాన్ని పంపుతుంది. సెకనుకి 48,000 శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, అనుకుంటే ఒక ముక్కలో 480. తర్వాతి ముక్క టైముకి అందకపోతే ఆ సందులో టక్ మంటుంది. ప్రాసెసర్ స్పీడు చాలక కాదు, ఏదో ఒక డ్రైవర్ తన పని పూర్తయ్యేదాకా ప్రాసెసర్‌ని పట్టుకుని వదలకపోవడం వల్ల. సౌండ్ డ్రైవర్ కాదు, దానికి సంబంధం లేని డ్రైవర్ చేసే పని ఇది. అందుకే సౌండ్ డ్రైవర్ ఎన్నిసార్లు తీసి వేసినా తగ్గదు.

లేటెన్సీమాన్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది. దాన్ని నడుపుతూ, పాట పెట్టి, కాసేపు మామూలుగా నెట్ చూసుకోండి. డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎగ్జిక్యూషన్ టైమ్ ప్రకారం వరస పెడితే అపరాధి పైన ఉంటాడు. ఎన్‌డిస్ అని వస్తే నెట్‌వర్క్ వైపు, ఎన్‌వీతో మొదలయ్యే పొడుగాటి పేరైతే గ్రాఫిక్స్ వైపు, ఏసీపీఐ అయితే బ్యాటరీ, పవర్, బయోస్ వైపు చూడాలి. ఆ లోపు ఒకసారి ఏరోప్లేన్ మోడ్ పెట్టి లాప్‌టాప్ స్పీకర్లలో వినండి.

ఏడురోడ్ల కుర్రోడు · శ్రీకాకుళం

అంటే సౌండ్ ప్రాబ్లమ్‌కి వైఫై డ్రైవర్ మార్చాలా? ఇదెక్కడి చోద్యం అక్కా.

బారువ కెరటం · సోంపేట

చోద్యమే గానీ నిజం! ఏరోప్లేన్ మోడ్ పెడితే టక్ టక్ పూర్తిగా ఆగింది. లేటెన్సీమాన్‌లో కూడా ఎన్‌డిస్ అన్నిటికంటే పైన, ఎర్రగా వచ్చింది.

చంపావతి · గజపతినగరం

డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ తేదీ చూడండి. టక్ టక్ ఈమధ్యే మొదలైందంటున్నారు కాబట్టి రోల్ బ్యాక్ బటన్ వెలుగుతుంటే పాతదానికి వెళ్లండి. వెలగకపోతే మీ లాప్‌టాప్ మోడల్ నంబరుతో కంపెనీ సపోర్ట్ పేజీకి వెళ్లి, అక్కడున్న వైఫై డ్రైవర్ వేయండి. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో అప్‌డేట్ చేస్తామనే ప్రోగ్రాంల జోలికి వెళ్లకండి. నా అనుభవంలో అవి ఒకటి బాగుచేసి రెండు చెడగొడతాయి.

జీడితోట · పలాస

నాది యూఎస్‌బీ డాక్ (డీఏసీ, అంకెల్ని శబ్దంగా మార్చే బయటి సౌండ్ కార్డు లాంటిది). ఒకసారి విండోస్ అప్‌డేట్ తర్వాత హఠాత్తుగా ఆగిపోయింది, డివైస్ మేనేజర్‌లో కోడ్ 10 చూపించింది. డాక్ కాలిపోయిందనుకుని కొత్తది కొనబోయాను. ఇంకో కంప్యూటర్‌కి పెడితే పాడింది. అలాంటివి కూడా ఉంటాయా?

చంపావతి · గజపతినగరం

ఉంటాయి. 2025 జనవరిలో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత యూఎస్‌బీ 1.0 ఆడియో డ్రైవర్ మీద నడిచే డాక్‌లు కొన్ని ఇలాగే ఆగాయి. మైక్రోసాఫ్ట్ ఆ సంగతి ఒప్పుకుని, ఆ నెలాఖరు అప్‌డేట్‌లోనే సరిచేసింది. ఏది అప్‌డేట్ అయిన రోజునే ఆగిపోయిందో దాన్ని పారేసే ముందు ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడటం మంచి పని.

ఏడురోడ్ల కుర్రోడు · శ్రీకాకుళం

నా డెస్క్‌టాప్ సంగతి కూడా చెప్పక్కా. వెనక జాక్ పనిచేస్తుంది, క్యాబినెట్ ముందు జాక్‌లో అసలు సౌండ్ రాదు. ఫార్మాట్ చేసినా రాలేదు.

చంపావతి · గజపతినగరం

ఫార్మాట్ చేసినా రాలేదని నువ్వే అన్నావు, నేనేం అనలేదు తమ్ముడూ.

క్యాబినెట్ ముందు భాగం నుంచి ఒక సన్న కేబుల్ బోర్డు అడుగున ఆడియో పిన్నుల దాకా వస్తుంది. క్యాబినెట్ బిగించినప్పుడు అది పెట్టడం మర్చిపోవడం మామూలే. పాత క్యాబినెట్లలో ఆ కేబుల్‌కి ఏసీ97 అనీ హెచ్‌డీ ఆడియో అనీ రెండు కొనలు ఉంటాయి, హెచ్‌డీ అని ఉన్నదే పెట్టాలి. ఏసీ97 కేబుల్‌లో జాక్ పెట్టిన సంగతి చిప్‌కి తెలిపే తీగ ఉండదు, కాబట్టి చిప్ ఆ జాక్ ఖాళీ అనుకుంటుంది. ఉన్న కేబుల్ అదొక్కటే అయితే రియల్‌టెక్ ప్యానెల్‌లో ముందు జాక్ డిటెక్షన్ ఆపే ఆప్షన్ వెతుకు.

ఆదితాళం · విజయనగరం

నాదీ ఒకటి. గురువుగారి కచేరీ రికార్డింగు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే శ్రుతి పెరిగిపోతోంది. మామూలు ప్లేయర్‌లో సరిగానే ఉంది. వయొలిన్ పెట్టి చూస్తే దాదాపు ఒకటిన్నర స్వరస్థానం ఎక్కువ. పాట కూడా పరిగెడుతోంది.

చంపావతి · గజపతినగరం

మీ చెవి కొలత బ్రహ్మాండం. రికార్డింగు 44,100 శాంపిళ్లది, ప్రాజెక్టు 48,000 అయి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మార్చకుండా ఉన్నదున్నట్టు చదివేస్తోంది. వేగం నూటికి దాదాపు తొమ్మిది పెరుగుతుంది, శ్రుతి మీరు చెప్పినంతే పెరుగుతుంది. ప్రాజెక్టు రేటు 44,100కి మార్చండి, లేదా ఫైల్ తెచ్చేటప్పుడే కన్వర్ట్ చేయమనండి. హార్డ్‌వేర్ ఎంత పాడైనా ఇంత కచ్చితంగా శ్రుతి పెంచదు, కాబట్టి అటు చూడక్కర్లేదు.

ఆదితాళం · విజయనగరం

అదే. ప్రాజెక్టు 48,000లో ఉంది. మార్చాను, తంబురాతో కలిసింది.

బారువ కెరటం · సోంపేట

కంపెనీ పేజీలోని వైఫై డ్రైవర్ వేశాను. నిన్నంతా పాటలు పెట్టి ఉంచాను, టక్ అనలేదు. లేటెన్సీమాన్ ఆకుపచ్చగా ఉంది. జాక్ సంగతి తేలేదాకా ఊళ్లో దొరికిన చవకరకం యూఎస్‌బీ సౌండ్ కార్డు తెచ్చుకుని ఎడిటింగ్ పూర్తి చేశాను. బృందం వాళ్లకి పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను.

రెండు మిగిలాయి. చార్జర్ పెడితే వచ్చే ఆ సన్న మోత ఏటి? జాక్ మార్చాలంటే బోర్డు మొత్తం మార్చాలా?

రేడియో బాబాయి · ఆమదాలవలస

మోత: మన కరెంటు 50 హెర్ట్జ్. అదీ దాని రెట్టింపూ కలిసి వినిపించే గుంయ్ అది. నీ చార్జర్‌కి మూడు పిన్నులుంటే దాన్ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో దోపి వాడుతున్నావేమో చూడు. చాలా ఇళ్లలో అదే. అప్పుడు లాప్‌టాప్ రేకు మీద చెయ్యి రాస్తే సన్నగా జుమ్మంటుంది కూడా. సరైన మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టు. స్పీకర్లూ లాప్‌టాపూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండనీ, రెండు గోడల నుంచి తెచ్చుకుంటే ఎర్త్‌లో చుట్టు పడుతుంది. ఇంటి ఎర్త్ గొయ్యి ఎండిపోయిందేమో కూడా కనుక్కో. బొగ్గూ ఉప్పూ వేసిన గొయ్యికి ఎండాకాలం నీళ్లు పొయ్యాలి, పోసేవాళ్లు ఎవరు? ఇవన్నీ చేసినా మిగిలితే జాక్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ దొరుకుతుంది, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, దాంతో తెగిపోతుంది. మోత పోవాలని ఎర్త్ పిన్ను విరగ్గొట్టే మేధావులున్నారు. ఆ పని చెయ్యకు, మోత బదులు షాక్ వస్తుంది.

జాక్: చాలా లాప్‌టాప్‌లలో ఆడియో జాక్, ఒకటో రెండో యూఎస్‌బీలు కలిసి పక్కన ఒక చిన్న బోర్డు మీద ఉంటాయి. పట్టీ కేబుల్‌తో పెద్ద బోర్డుకి కలుస్తుంది. అలాంటిదైతే ఆ ముక్క మార్చేస్తే అయిపోయింది, మదర్‌బోర్డు ఊసే లేదు. జాక్ నేరుగా పెద్ద బోర్డు మీదే ఉంటే పాత జాక్ టంకం ఊడదీసి కొత్తది పెట్టాలి. సెల్‌ఫోన్ బోర్డులు చేసే చెయ్యి తిరిగిన మెకానిక్ చేస్తాడు. నువ్వు ప్రయత్నించకు.

విప్పేటప్పుడు ముందు బ్యాటరీ కనెక్టర్ తియ్యి, తర్వాతే మిగతావి. పట్టీ కేబుల్ పక్కన చిన్న రెక్క లేపితే వదులవుతుంది, బలంగా లాగితే చిరుగుతుంది. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి, ఎక్కడివి అక్కడే కాగితం మీద గుచ్చి పెట్టుకో.

ఆ చిన్న బోర్డు మీద తెల్ల అక్షరాలతో నంబరు ఉంటుంది. ఫొటో తీసి ఇక్కడ పెట్టు. లాప్‌టాప్ మోడల్ ఒకటే అయినా ఈ ముక్కలు రెండు మూడు రకాలుంటాయి, నంబరు చూడకుండా ఆర్డర్ పెట్టకు.